మూడుసార్లు తలవంచిన చుక్క

అనగనగా, మన తాతల తాతలు కూడా ఇంకా పుట్టని రోజుల్లో, సముద్రపు ఒడ్డున ఒక రాజ్యం ఉండేది. ఈ కథ చెప్పిన ప్రతిసారీ నాకు చిరాకు వస్తుంది. కథలో అందరికీ కళ్ళున్నాయి, కాళ్ళున్నాయి, తలకాయలూ ఉన్నాయి. అయినా ఏం చేశారో వినండి. మధ్యలో ‘ఎందుకలా చేశారు’ అని మాత్రం నన్నడక్కండి. నాకూ తెలియదు.

ఆ రాజ్యాన్ని ఉద్దండభూపాలుడు ఏలేవాడు. మనిషి మంచివాడే. పన్నుల కోసం ఎవరినీ పీడించలేదు, ఆకలన్నవాడికి అన్నం పెట్టించాడు. ఒక్కటే వెలితి. వాళ్ళ తాతగారి పేరెత్తితే జనం, "ఆయన పుట్టిన రాత్రి ఆకాశంలో కొత్త చుక్క పొడిచింది" అనేవారు. వాళ్ళ నాన్నగారి పేరెత్తితే, "ఆయన పట్టాభిషేకం నాడు పట్టపగలే చుక్క కనిపించింది" అనేవారు. ఉద్దండభూపాలుడి పేరెత్తితే, "పాపం, మంచివాడు" అని ఊరుకునేవారు. ఆ ‘పాపం’ రాజుగారికి ముల్లులా గుచ్చుకునేది. ఎప్పటికైనా తనకూ ఒక చుక్క పొడవకపోతుందా అని ఆశ.

ఆయన కొలువులో ముగ్గురు జ్యోతిష పండితులున్నారు. ముగ్గురిలో పెద్దాయన విరూపాక్ష సిద్ధాంతి. ఈ పండితులు ఒట్టి డాబు మనుషులని అనుకునేరు. కాదు. గ్రహణం ఎప్పుడు పడుతుందో, ఎప్పుడు విడుస్తుందో ఘడియ తేడా లేకుండా చెప్పగలరు. చదువులో వంక పెట్టడానికి లేదు. కాకపోతే ఆ చదువంతా రాజుగారి మేడ మీద కూర్చునే చదివారు. మేడ దిగి ఊరి పొలిమేర దాటింది ఎన్నడూ లేదు.

ఒక కార్తీకమాసం, అమావాస్య వెళ్ళిన మరునాడు, పొద్దుగుంకాక ముగ్గురూ మేడ మీద కూర్చుని ఆకాశం చూస్తున్నారు. ఉత్తరాన ధ్రువుడు కనిపిస్తున్నాడు. మీలో చాలామంది ధ్రువుడంటే అన్నిటికన్నా మెరిసే చుక్క అనుకుంటారు. అదేం లేదు, ఆయనది ఓ మోస్తరు వెలుగే. అన్ని చుక్కలూ తిరుగుతుంటే తను మాత్రం కదలకుండా ఉంటాడు, అదీ ఆయన గొప్ప. ఆ ధ్రువుడికి సరిగ్గా కిందుగా, నేలకు దగ్గరగా, నిన్నటిదాకా లేని చుక్క ఒకటి కనిపించింది. ధ్రువుడికన్నా పెద్దది, కాస్త ఎర్రగా, ధగధగా వెలుగుతోంది.

ముగ్గురూ లేచి నిలబడ్డారు. రాజుగారికి కబురు వెళ్ళింది. రాజుగారు భోజనం మధ్యలో చెయ్యి కడుక్కుని వచ్చారు.

ఇక్కడ ఆగి మీకో సంగతి చెప్పాలి. ఆ చుక్క చుక్క కాదు, దీపం.

నగరానికి ఉత్తరంగా కోసెడు దూరంలో ఒక గుట్ట ఉంది. గుట్ట కింద బెస్తవాళ్ళ పేట. అక్కడే ఉప్పుటేరు సముద్రంలో కలుస్తుంది. ఆ కలిసే చోటును వాళ్ళు మొగ అంటారు. వేటకు వెళ్ళిన తెప్పలు చీకటి పడ్డాక ఆ మొగలోంచే ఇంటికి రావాలి. ఆ ఏడు గాలివానకు పాత మొగ పూడిపోయి, గుట్టకు దగ్గరలో కొత్త మొగ తెగింది. కొత్త మొగ పక్కనే నీళ్ళలో దాగిన బండలు. దారి తప్పితే తెప్ప ముక్కలైపోతుంది.

ఆ పేటలో నూకాలు అనే ఆమె ఉండేది. ఆమె మొగుడు పోలయ్య కూడా రోజూ వేటకు వెళతాడు. నూకాలు ఆలోచించింది. ఎలాగూ కార్తీకమాసం. గుళ్ళలో ధ్వజస్తంభాలకు ఆకాశదీపాలు కడతారు కదా, మనమూ గుట్ట మీద కడదాం, పుణ్యానికి పుణ్యం, తెప్పలకు దారి, అనుకుంది. గుట్ట కొమ్మున పొడుగాటి వెదురుగడ పాతించింది. దానికి గిలక, గిలకకు మోకు. చుట్టూ చిల్లులు పొడిచిన కుండలో లావాటి వత్తి వేసి, చేపనూనె పోసి, వెలిగించి, మోకు లాగి పైకెత్తింది. గుట్ట మీది వెలుగు సూటిగా చూసుకుని వస్తే తెప్పలు బండలు తప్పించుకుని మొగలోకి వచ్చేవి. పేటంతా ఆమెను మెచ్చుకుంది.

అదీ సంగతి. ఇంక మేడ మీదికి రండి.

విరూపాక్ష సిద్ధాంతి చాలాసేపు చూసి అన్నాడు, "ప్రభూ, తక్కిన చుక్కలన్నీ కదులుతున్నాయి. ఇది కదలడం లేదు. కాబట్టి ఇది రెండో ధ్రువుడు."

రెండో పండితుడు అన్నాడు, "ఎర్రగా ఉంది ప్రభూ. ఎరుపు క్షత్రియుల వర్ణం. కాబట్టి ఇది రాజుకోసం పుట్టిన చుక్క."

నడిజాము కాకముందే నూనె అయిపోయి దీపం కొండెక్కింది. మూడో పండితుడు ఏమాత్రం తడుముకోలేదు. "తమకు నిద్రవేళ అయిందని గ్రహించి తానూ విశ్రమించింది ప్రభూ" అన్నాడు.

రాణిగారు పక్కనే ఉన్నారు. "ఇందాక గాలి వేసినప్పుడు కాస్త ఊగినట్టు అనిపించిందండీ" అన్నారు.

"ఆనంద తాండవం తల్లీ" అన్నారు ముగ్గురూ.

తెల్లవారేసరికి ఆ చుక్కకు ‘ఉద్దండ నక్షత్రం’ అని పేరు పెట్టేశారు. కోసెడు దూరం. పొద్దున్నే బయలుదేరితే ఎండ ఎక్కకముందే వెళ్ళి రావచ్చు. ఒక్కరంటే ఒక్కరికి ఆ ఊహ రాలేదు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, చుక్క పొడిచిందనగానే పూజలు మొదలుపెట్టారు.

మొదటి ఆజ్ఞ వచ్చింది. చుక్క బాగా కనిపించాలి కాబట్టి నగరంలో పొద్దుగుంకాక ఎవరూ దీపం పెట్టకూడదు.

కార్తీకమాసంలో గడప ముందు దీపం పెట్టకూడదట. విన్నారా? ఆడవాళ్ళు చీకట్లో పొయ్యి దగ్గర చేతులు కాల్చుకున్నారు. పులుసులో ఉప్పు రెండుసార్లు పడింది. ఒకాయన తన ఇల్లే అనుకుని పక్కింట్లో పీట వేసుకుని కూర్చుని భోంచేసి, మజ్జిగ పుల్లగా ఉందని కేకలు కూడా వేశాడు. రాజు తలుచుకుంటే దెబ్బలకు కొదవా? అందరూ పళ్ళు నూరుకుని ఊరుకున్నారు.

రెండో ఆజ్ఞ వచ్చింది. పొద్దుగుంకగానే జనమంతా వీధుల్లోకి వచ్చి ఉత్తరానికి తిరిగి చుక్కకు దండం పెట్టాలి.

ఆ రోజు నూకాలు ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని నగరానికి వచ్చింది. కార్తీకంలో చేపలు ముట్టేవాళ్ళు తక్కువ. బేరాలు లేక సాయంత్రం దాకా ఉండిపోయింది. దీపం సంగతి అత్తగారు చూసుకుంటుందిలే అన్న ధీమా. పొద్దుగుంకింది. చూస్తుండగానే వీధంతా జనం. అందరూ ఒకే వైపు తిరిగి చేతులు జోడించారు. నూకాలు కూడా తిరిగి చూసింది. చూసి గంప కింద పెట్టి నవ్వింది.

"ఏటీ, మా దీపానికి దండాలెడతన్నారా?" అంది పక్కనున్న ముసలమ్మతో.

"ష్, దీపం కాదు, రాజుగారి నక్షత్రం. నోరు మూసుకుని దండం పెట్టు" అంది ముసలమ్మ.

నూకాలుది ఊరుకునే నోరు కాదు. మరునాడు పొద్దున్నే తిన్నగా కొలువుకు వెళ్ళింది.

"మారాజా, అది సుక్క కాదు. నా దీపం" అంది.

సభ నవ్వింది. రాజుగారు నవ్వలేదు, సిద్ధాంతి వైపు చూశారు. సిద్ధాంతి ఓపికగా అడిగాడు, "నీ దీపంలో పోసే నూనె ఏమిటమ్మా?"

"సేపనూనె బాబూ."

"చేపనూనెతో నక్షత్రం వెలుగుతుందా?"

"నక్షత్రం ఎలగదు బాబూ. దీపం ఎలుగుతాది. నాను సెప్తన్నదీ అదే కదా."

"చూశారా ప్రభూ, తనే ఒప్పుకుంది. చేపనూనెతో నక్షత్రం వెలగదు. అది వెలుగుతోంది. కాబట్టి అందులో ఉన్నది చేపనూనె కాదు" అన్నాడు సిద్ధాంతి.

నూకాలుకు నోట మాట రాలేదు. ఇలాంటి తర్కానికి ఎవరికి మాత్రం వస్తుంది? రాజుగారు జాలిపడి, పాపం ఏదో భ్రమలో ఉందని, ఆమెకు ఒక పట్టుచీర ఇప్పించి పంపేశారు. నూకాలు చీర చంకన పెట్టుకుని ఇల్లు చేరి పోలయ్యతో అంతా చెప్పింది. "సెవిటోడి ముందు సంకం ఊదినట్టయింది" అంది.

పోలయ్య వల బాగుచేసుకుంటూ అన్నాడు, "దండాలెట్టుకుంటే ఎట్టుకోనీయే. నీ సొమ్మేం పోయింది? మన దీపం మనం ఎత్తుకుందాం."

బంగారం లాంటి మాట. నూకాలు వినుంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. కానీ నిజం చెప్పినందుకు నవ్వారన్న మంట ఆమె కడుపులో ఆరలేదు. రెండు రోజులు గింజుకుని మళ్ళీ కొలువుకు వెళ్ళింది.

"మారాజా, నా మాట నమ్మొద్దు. నీ కళ్ళనే నమ్ము. ఈ పూట పొద్దుగుంకాక నాను మోకు వదిలి దీపం దించుతాను, మళ్ళీ ఎత్తుతాను. అలాగ మూడుసార్లు. సుక్కలు అలాగ దిగి ఎక్కుతాయేటి?"

"ఇది న్యాయమైన మాటే" అన్నారు రాజుగారు. చెప్పాను కదా, మనిషి మంచివాడు.

ఆ సాయంత్రం నగరమంతా వీధుల్లో ఉంది. రాజుగారు, రాణిగారు, ముగ్గురు పండితులు మేడ మీద ఉన్నారు. ఉత్తరాన చుక్క వెలుగుతోంది. కాసేపటికి అది మెల్లగా కిందికి దిగింది. మళ్ళీ పైకి లేచింది. దిగింది, లేచింది. మూడోసారీ దిగింది, లేచింది.

రాజుగారి ముఖం వాడిపోయింది. విరూపాక్ష సిద్ధాంతి గడ్డం పట్టుకుని నిలబడిపోయాడు. ఆ క్షణంలో ఆయనకు తెలిసిందనే నా అనుమానం. తెలిసినా చెప్పడానికి నోరు రాలేదు. ఇన్ని రోజులు రెండో ధ్రువుడని చెప్పి, ఇప్పుడు చేపనూనె దీపమని ఎలా అంటాడు?

అంతలో మూడో పండితుడు గట్టిగా అన్నాడు, "ప్రభూ, తమకు మూడుసార్లు తలవంచి నమస్కరించింది."

ఇంకేముంది. కింద జనం జయజయధ్వానాలు. మేడ మీద మంగళవాద్యాలు. "మరి ఆ బెస్తామె ముందే చెప్పిందిగా" అన్నారు రాణిగారు. "ఆమెకు నక్షత్రం కలలో చెప్పి ఉంటుంది తల్లీ, వాక్శుద్ధి గల మనిషి" అన్నాడు సిద్ధాంతి, గడ్డం వదిలేసి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఊరికే అన్నారా?

ఆ రాత్రి సంతోషంలో రాజుగారు మూడో ఆజ్ఞ వేశారు. చుక్క అంత కిందికి దిగి నమస్కరించింది కాబట్టి దాని పాదాలు గుట్ట మీద ఆనుతున్నట్టే. అక్కడ పాలరాతి మంటపం కట్టాలి. అంతవరకు గుట్టను భటులు కాయాలి. మధ్యాహ్నం దాటాక ఎవరూ గుట్ట ఎక్కకూడదు. ఎక్కితే కొరడా దెబ్బలు.

నిజం నిరూపిస్తానని వెళ్ళి నూకాలు ముప్పును తన ఇంటి మీదికే తెచ్చుకుంది.

మరునాడు, ఆజ్ఞ సంగతి పేటకు ఇంకా తెలియక, తెప్పలు మామూలుగానే వేటకు వెళ్ళాయి. పోలయ్య వెళ్ళాడు. నూకాలు తమ్ముడు వెళ్ళాడు. పేటలో ఓపికున్న మగవాళ్ళంతా వెళ్ళారు. మధ్యాహ్నం దాటాక భటులు వచ్చి గుట్ట చుట్టూ నిలబడ్డారు. సాయంత్రం నూకాలు నూనె కుండ పట్టుకుని వస్తే అడ్డుకున్నారు.

"బాబూ, దీపం ఎట్టాలి. తెప్పలొచ్చే ఏళయింది" అంది నూకాలు.

"ఇక్కడ దీపం లేదు. నక్షత్రం ఉంది" అన్నాడు భటుల నాయకుడు.

"మరి ఆ పైన గడ ఏటి? ఆ మోకు ఏటి? ఆ కుండ ఏటి?"

నాయకుడు తలెత్తి చూశాడు. గడ కనిపిస్తోంది, మోకు కనిపిస్తోంది, కుండ కనిపిస్తోంది. కాసేపు ఆలోచించి, "అవి నక్షత్రానికి సంబంధించిన వస్తువులై ఉంటాయి" అన్నాడు.

నూకాలు కాళ్ళు పట్టుకుంది. అతనూ ఇబ్బందిగానే మొహం తిప్పుకున్నాడు. "నన్నేం చెయ్యమంటావమ్మా? ఆజ్ఞ" అన్నాడు.

పొద్దు గుంకుతోంది. సముద్రం మీద గాలి లేచింది. ఒడ్డున మంట వేద్దామంటే ఇసుక దిబ్బల వెనక మంట నీళ్ళ మీది వాళ్ళకు కనిపించదు. దిబ్బ ఎక్కి వేస్తే గాలి ఆర్పేస్తోంది. ఇంకో చోట వేస్తే తెప్పలు ఆ వెలుగును నమ్మి నేరుగా బండల మీదికే వస్తాయి. గుట్ట మీది దీపం తప్ప గతిలేదు. అత్తగారు ఇసుకలో కూలబడి ఏడుస్తోంది. నూకాలు నూనె కుండ ఆమె ఒళ్ళో పెట్టి, చీర చెంగు నడుముకు బిగించి, నగరం వైపు పరిగెత్తింది.

నగరంలో గగ్గోలుగా ఉంది. పొద్దుగుంకి ఘడియ దాటినా చుక్క కనిపించలేదు. ధ్రువుడు ఎక్కడివాడక్కడే ఉన్నాడు, ఆయన కింద అంతా చీకటి. మేడ మీద రాజుగారు అటూ ఇటూ తిరుగుతున్నారు. పండితులు తలో మాట చెబుతున్నారు. ఒకాయన హోమం చెయ్యాలన్నాడు. ఒకాయన దానం చెయ్యాలన్నాడు. ఒకాయన నక్షత్రం అలిగిందన్నాడు.

నూకాలు వచ్చి నిలబడింది. ఆయాసపడుతోంది. కాళ్ళకు ముళ్ళు గుచ్చుకుని రక్తం కారుతోంది. ఈసారి ఆమె దీపమని వాదించలేదు.

"మారాజా, నీకు సుక్క కావాలా?" అంది.

"కావాలి" అన్నారు రాజుగారు.

"నాతో గుట్ట ఎక్కు. నువ్వొస్తే కనిపిస్తాది. రాకపోతే ఎప్పటికీ కనిపించదు. ఈ మాటలో అబద్ధం ఒక్కటుంటే నా తల తీయించు."

సిద్ధాంతి అడ్డం వచ్చాడు. "ప్రభూ, ఇప్పుడు వర్జ్యం నడుస్తోంది. గడప దాటరాదు."

"వర్జ్యం ఎంతసేపు?"

"ఇంకా చాలాసేపు ఉంది ప్రభూ."

రాజుగారు ఆ ముగ్గురినీ చూశారు. కాళ్ళ వెంట రక్తం కారుతూ నిలబడ్డ నూకాలును చూశారు. జన్మలో మొదటిసారి ఆయనకు పండితుల మీద విసుగు పుట్టింది. పల్లకీ కూడా పిలవకుండా మెట్లు దిగి నడిచారు.

కోసెడు నేల నడిచేసరికి రాజుగారికి తాతలు దిగివచ్చారు. గుట్ట దగ్గర భటులు దారి విడిచారు. అత్తగారి ఒళ్ళోంచి నూనె కుండ అందుకుని నూకాలు ముందు ఎక్కుతోంది, రాజుగారు వెనక రొప్పుతూ ఎక్కుతున్నారు. "బేగి రా మారాజా" అంటోంది నూకాలు, పేటలో ఎవరినో పిలిచినట్టే.

గుట్ట కొమ్మున వెదురుగడ, మోకు, మసి పట్టిన చిల్లుల కుండ ఉన్నాయి. రాజుగారు కుండను చూశారు.

"ఇదేనా?" అన్నారు.

"ఇదే."

"ఇంత చిన్నదా?"

"దగ్గర్నుంచి ఇంతే" అని నూకాలు నూనె పోసి వత్తి వెలిగించింది. "లాగు మారాజా. నాకు సేతుల్లో సత్తువ లేదు."

రాజుగారు మోకు పట్టుకుని లాగారు. అరచేతులు ఒరుసుకుపోయాయి. కుండ అంచుకు కారిన నూనె మోకు వెంట జారి చేతులంతా జిడ్డయింది. దీపం ఊగుతూ ఊగుతూ పైకి లేచి నిలిచింది. దూరంగా నగరంలోంచి జయజయధ్వానాలు సన్నగా వినిపించాయి. రాజుగారు అటు చూడలేదు. నూకాలు సముద్రం వైపు చూస్తోంది, ఆయనా అటే చూశారు. చీకట్లో ఏమీ కనిపించడం లేదు.

"వాళ్ళకు కనిపిస్తుందా?" అని అడిగారు. నూకాలు గాలికి చెవి ఒగ్గింది.

చాలాసేపటికి నీళ్ళ మీంచి ఒక కేక వినిపించింది. తరవాత ఇంకోటి. మొదటి తెప్ప మొగలోకి వచ్చింది. దాని వెనక ఇంకొకటి. మోకు గడకు కట్టేసి ఇద్దరూ ఒడ్డుకు దిగారు. ఆడవాళ్ళు పేర్లు పెట్టి పిలుస్తున్నారు, నీళ్ళలోంచి జవాబులు వస్తున్నాయి. పోలయ్య పేరుకు మాత్రం జవాబు లేదు. నూకాలు మోకాలి లోతు నీళ్ళలోకి వెళ్ళి పిలుస్తూనే ఉంది. ఆమె గొంతు పోయింది. అప్పుడు రాజుగారు పిలవడం మొదలుపెట్టారు. ముఖం కూడా ఎరగని మనిషిని, పేరు పెట్టి, గొంతెత్తి పిలిచారు.

ఆఖరి తెప్ప ఇంకో తెప్పలోంచి పడిపోయిన ఇద్దరిని లాక్కుని వచ్చింది. ఆ ఇద్దరి తెప్ప బండలకు కొట్టుకుని విడిపోయింది. ఒకడు నూకాలు తమ్ముడు, రెండోవాడు పోలయ్య. పోలయ్య భుజం చీరుకుపోయింది. ఇసుకలో కూర్చోబెట్టగానే అతను చేసిన మొదటి పని భార్య మీద కోప్పడటం.

"దీపం ఏదే ఇంతసేపూ? పేనాలు పోయాయనుకున్నాం."

నూకాలు ఏడుస్తూనే అతని భుజానికి చెంగు చుట్టింది. పక్కన నూనె చేతులతో నిలబడ్డ మనిషిని పోలయ్య చూశాడు. చీకట్లో రాజని ఎలా తెలుస్తుంది? "ఈడెవడు?" అన్నాడు.

"దీపం ఆపించింది నేనే" అన్నారు రాజుగారు. "అది దీపమని నాకు తెలియలేదు."

"తెలీకపోతే ఎవరినన్నా అడగొద్దా?"

"నీ భార్య వచ్చి చెప్పింది."

"సెప్పిందా? మరి?"

రాజ్యంలో అందరికీ జవాబు చెప్పగలిగిన మనిషి ఆ ఒక్క ‘మరి’కి తల దించుకున్నాడు.

పిల్లలూ, ఇక్కడితో అందరికీ బుద్ధి వచ్చి ఉంటుందనుకుంటున్నారు కదూ? నేనూ అలాగే అనుకున్నాను.

రాజుగారు నగరానికి తిరిగి వచ్చేసరికి కోట వాకిట్లో పూలదండలు, పల్లకీ, బాజాలు. సిద్ధాంతి ఎదురొచ్చి సాష్టాంగపడ్డాడు. "ప్రభువులు స్వహస్తాలతో నక్షత్రాన్ని నింగిలో నిలిపారు" అన్నాడు.

"అది నక్షత్రం కాదయ్యా, దీపం. నేనే మోకు లాగాను" అన్నారు రాజుగారు.

"ఆహా, ప్రభువుల వినయం."

"వినయం కాదు, చేపనూనె. ఇదుగో చూడు" అని రెండు చేతులూ సిద్ధాంతి ముక్కు కింద పెట్టారు.

సిద్ధాంతి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా, "దివ్య పరిమళం ప్రభూ" అన్నాడు.

రాజుగారు కోట మెట్టు మీద కూలబడ్డారు. కళ్ళతో చూసి, చేతులతో లాగి, తన నోటితో చెబుతుంటే, సాక్షాత్తు రాజు మాటే ఎవడూ వినడం లేదు. ఆ ఆడమనిషి ఇన్నాళ్ళు తమనెలా భరించిందో ఆయనకు ఆ మెట్టు మీద తెలిసింది. అరవాలనిపించింది. అరవలేదు, అరిస్తే దానికీ ఒక అర్థం చెబుతారు.

మెల్లగా అన్నారు, "సిద్ధాంతిగారూ, రేపటి సాయంత్రం నూనె కుండ మోసుకుని గుట్ట ఎక్కి ఆ దీపం మీరు ఎత్తండి. ఎల్లుండి రెండో పండితులవారు. ఆ మరునాడు మూడోవారు. ఈ కార్తీకమంతా మీ ముగ్గురిదే వంతు. ఎత్తగానే వచ్చెయ్యొద్దు. ఆఖరి తెప్ప ఒడ్డెక్కేదాకా ఇసుకలో నిలబడి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలవండి."

భటులను గుట్ట దగ్గర్నుంచి వెనక్కి పిలిపించేశారు. మంటపం మాట ఎత్తలేదు. నగరంలో గడప గడపకూ మళ్ళీ కార్తీక దీపాలు వెలిగాయి. విరిగిన తెప్పకు బదులు కొత్త తెప్ప పేటకు చేరింది.

సిద్ధాంతి గుట్ట ఎక్కాడు. సగం నూనె పంచె మీద ఒలకబోసుకున్నాడు. మోకు లాగి చేతులు బొబ్బలెక్కించుకున్నాడు. ఒడ్డున నిలబడి పిలిచాడు. మొదట పక్కవాళ్ళకు వినపడేంతగానే పిలిచాడు. ఆ రోజు పోలయ్య భుజం మానక వేటకు వెళ్ళలేదు కానీ అతని బావమరిది వెళ్ళాడు, తెప్ప ఆలస్యమైంది. నూకాలు పక్కనే నిలబడి నీళ్ళ వైపు చూస్తోంది. ఆమె ముఖం చూశాక సిద్ధాంతి గొంతు దానంతటదే పెరిగింది. తెప్ప వచ్చేదాకా పిలుస్తూనే ఉన్నాడు.

మరునాడు సభలో రాజుగారు అడిగారు, "సిద్ధాంతిగారూ, ఉత్తరాన కిందుగా వెలిగేది ఏమిటి?"

"దీపం ప్రభూ" అన్నాడు సిద్ధాంతి తల వంచుకుని. "నమస్కరించిందని చెప్పిన రాత్రే నాకు అనుమానం వచ్చింది. ఆ రాత్రే నడిచి వెళ్ళి ఉంటే వాళ్ళ తెప్ప విరిగేది కాదు" అన్నాడు.

సభలో ఎవరూ నవ్వలేదు. రాజుగారు తన అరచేతులు చూసుకున్నారు, ఆ మాట తనకూ తగిలింది కనక.

దూరాన కూర్చుని అల్లిన వెయ్యి ఊహల కన్నా దగ్గరికి నడిచి చూసిన ఒక్క చూపు మేలు. నడిచే ఓపిక లేనివాడు అక్కడి నుంచి నడిచి వచ్చినవాళ్ళ మాటైనా వినాలి.